కడగని స్లైడు

నలభై మూడో స్లైడు మీద నూనెచుక్క వేసి సిద్దిరాములు మైక్రోస్కోపు గొట్టాన్ని మెల్లగా కిందికి దించాడు. కటకం నూనెను తాకే క్షణంలో చుక్క అంచున చిన్న మెరుపు పుడుతుంది. ఆ మెరుపు దగ్గర చెయ్యి ఆపడం రానివాళ్లు గాజును పగలగొడతారు. పందొమ్మిదేళ్ల ఉద్యోగంలో అతడు పగలగొట్టినవి రెండే. అవి ఏ నెలలో పగిలాయో ఇప్పటికీ చెప్పగలడు.

1994 భాద్రపదం. మూడు రోజులుగా ముసురు. ఉట్నూర్ నుంచి జీపులో గంట ప్రయాణం చేస్తే వచ్చే జామ్‌డవాడ ఆసుపత్రిలో కరెంటు లేదు. ఉన్నా సిద్దిరాములు దాన్ని నమ్మడు. వెనకవైపు గదిలో ఉత్తరం కిటికీకి ఎదురుగా అతడి బల్ల. మబ్బు కదిలినప్పుడల్లా మైక్రోస్కోపు కింది గుండ్రటి అద్దాన్ని ఎడమచేత్తో వెంట్రుకవాసి తిప్పి, ఆకాశంలో ఉన్న కాస్త వెలుగునూ గొట్టంలోకి పట్టుకుంటాడు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి ఒంటికంటితో చూడటంవల్ల కుడికంటి చుట్టూ చర్మం ముడతలు పడింది. ఎడమకన్ను మాత్రం పడుచువాడి కన్నులా నున్నగా ఉంది. వేళ్ల చివర్లకు ఎప్పుడూ వదలని నీలిరంగు. "నువ్వు కలిపిన అన్నం గూడ నీలంగనే కనవడ్తది" అంటుంది భార్య శంకరవ్వ.

చుట్టుపక్కల అడవి గూడేల్లో జ్వరం వచ్చినవాళ్ల వేలు పొడిచి తీసిన నెత్తురు, గాజుపలకల మీద పూతగా ఆరి, అతడి దగ్గరికి వస్తుంది. ఒకవైపు చిక్కటి చుక్క, ఒకవైపు నాలుక ఆకారంలో పల్చటి పూత. వాటికి రంగు పట్టించి, మలేరియా పురుగు ఉన్నదా లేదా అని చూసి రాయడం అతడి పని. కటకం కింద ఒకసారి కనబడే గుండ్రటి మేరను ఫీల్డు అంటారు. స్లైడుకు వంద ఫీల్డులు చూడాలి. చాలామంది ముప్పై చూసి వంద అని రాస్తారు. సిద్దిరాములు వంద చూసి వంద అని రాస్తాడు. ఎడమ నుంచి కుడికి, ఒక మెట్టు దిగి కుడి నుంచి ఎడమకు, మగ్గం మీద నాడె అటూ ఇటూ పోయినట్టే.

ఆ చూపు అతడికి తండ్రి హనుమంతు ఇచ్చింది. సిరిసిల్లలో మగ్గం ముందు తొమ్మిదేళ్ల కొడుకును కూర్చోబెట్టి తెగిన పోగులు చూపించమనేవాడు. పిల్లవాడి కళ్లు చీర అంచు మీదికి, రంగుల మీదికి పోతే తల మీద వేలితో కొట్టేవాడు. "చీర ఎట్లున్నదని చూడకు బిడ్డా. చీరను చూస్తే పోగు కనవడది. పోగునే చూడు." ఆ మాట మీద సిద్దిరాములు జీవితం నడిచిపోయింది. ఇక్కడ చూసిన స్లైడ్లను హైదరాబాదులో మళ్లీ తనిఖీ చేస్తారు. పదకొండేళ్లుగా అతడి లెక్కకూ వాళ్ల లెక్కకూ ఒక్క తేడా రాలేదు. ఆ సంగతి ఎవరూ అడగరు, అతడూ చెప్పడు. ప్రతి మూడు నెలలకూ వచ్చే తనిఖీ కాగితాన్ని మాత్రం రెండుసార్లు చదివి, అంచులు సమంగా మడిచి, సొరుగులో పెడతాడు.

నలభై మూడోది నెగెటివ్. ఫారంలో మూడు ఖానాలు. వైవాక్స్, ఫాల్సిపారం అనే రెండు రకాల పురుగులకు రెండు, నెగెటివ్‌కు ఒకటి. మూడోదాంట్లో గీత గీసి, స్లైడు మీద నూనె తుడిచి ఎడమవైపు పెట్టాడు.

ఎడమవైపువి యాదవ్వవి. పురుగు ఉన్నవాటినీ, లేనివాటిలో పదోవంతునూ హైదరాబాదుకు పంపుతారు. మిగతావన్నీ ఆమె వరండాలో సబ్బునీళ్ల తొట్లో వేసి, ఒక్కొక్కటే గుడ్డతో తోమి, ఆరబెట్టి, పాత కాగితంలో పాతికకొకటి పొట్లం కడుతుంది. అవి మళ్లీ గూడేలకు పోయి మరొకరి నెత్తురు పూసుకుని వస్తాయి. ఒక్కో గాజుపలక నలభై మందిని చూసి ఉంటుంది. యాభై అయిదేళ్ల యాదవ్వ చేతులు సబ్బునీళ్లకు తెల్లగా ముడతలు పడి, మిగతా మనిషికంటే పదేళ్లు పెద్దవిగా కనిపిస్తాయి.

"సారూ, ఎండ లేదు. అద్దాలు ఆరుతలేవు" అంది ఆమె వరండాలోంచి. స్లైడ్లను ఆమె అద్దాలనే అంటుంది.

"గుడ్డతోని తుడువు."

"గుడ్డ ఆరితే గద తుడిచేది. నీ కొట్టంల కూసోని చెప్పుడు అల్కనే ఉంటది."

అతడు నవ్వలేదు గాని నలభై నాలుగో స్లైడు తీసుకుంటున్న చెయ్యి ఒక క్షణం ఆగింది. వరండా మెట్ల దగ్గర గొడుగు దులుపుతున్న చప్పుడు. ఆ దులపడం అతడికి తెలుసు, మూడుసార్లు దులిపి గోడకు ఆనిస్తాడు.

"దాదా" అంటూ అంబదాస్ లోపలికి వచ్చాడు. అతడిది భైంసా వైపు. అక్కడ అన్నను అలాగే పిలుస్తారు. ముప్పై నాలుగేళ్లు. గూడేలు తిరిగి నెత్తురు పూతలు తీసే పని. ప్రతి ఇంటికీ పదిహేను రోజులకొకసారి పోయి, జ్వరం ఉందా అని అడిగి, ఉంటే వేలు పొడిచి, నాలుగు మాత్రలు మింగించి, తలుపు పక్క గోడ మీద తేదీ రాసి వస్తాడు. పన్నెండేళ్లుగా ఆ గోడల మీద తేదీలన్నీ అతడివే. వచ్చే నలుగురైదుగురి స్లైడ్లలో అంబదాసువి వేరు పెట్టనక్కర్లేదు. చుక్క చుక్కలాగే, పూత పూతలాగే ఉంటుంది. పూత అంచు దువ్వినట్టు సన్నబడుతుంది. పూత మీద పెన్సిలుతో గీసిన నంబరు అచ్చువేసినట్టు ఉంటుంది. మంచి పూత దొరికిన రోజు సిద్దిరాములుకు కడుపు నిండినంత తృప్తి. వాళ్ల స్నేహమంతా అదే. ఒకరింటికి ఒకరు పోయింది తక్కువ.

ఈ ముసురులోనూ అంబదాస్ చొక్కా చేతులకు బొత్తాలు పెట్టి ఉన్నాయి. మెడ చుట్టూ తువ్వాలు. తువ్వాలు కింద రెండువైపులా నిమ్మకాయలంత గడ్డలు. చొక్కా చేతుల కింద ఏముందో గదిలో ఉన్న ఇద్దరికీ తెలుసు. మూడేళ్లుగా దోమ కుట్టిన ప్రతిచోటా అతడికి బొబ్బ లేస్తుంది. రెండోరోజుకు నడుమ నల్లబడుతుంది, వారానికి పుండై, నెలకు రూపాయి బిళ్లంత గుంట మచ్చ మిగులుతుంది. కుట్టిన రాత్రే వొళ్లు కాలిపోయే జ్వరం. దోమలను వెతుక్కుంటూ పోయే మనిషికి దోమ కాటే పడదంటే మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత ఒక గూడెంలో ముసలివాళ్లు అతడి చేతులు చూసి పెద్దరోగమని, కుష్ఠని, పిల్లలను లోపల దాచేశారు. అప్పటినుంచి ఎండాకాలంలో కూడా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. జ్వరం వచ్చిన ప్రతిసారీ తన వేలు తానే పొడుచుకుని, పూత తీసి, నంబరు వేసి పంపేవాడు. మూడేళ్లలో పదిహేడు స్లైడ్లు. పదిహేడూ నెగెటివ్.

"పట్నం పోయి తెల్లగైనవు" అన్నాడు సిద్దిరాములు.

"దవాఖానల పండుకుంటే ఎవడైన తెల్లగైతడు. రేపు పొద్దుగాల బస్సుకు మల్ల రమ్మన్నరు. డాక్టర్ సాబ్‌కు చిట్టి ఇచ్చిండ్రు."

ఆ చిట్టీ పట్టుకుని డాక్టర్ జైపాల్‌రావు తనే ప్రయోగశాలకు వచ్చాడు. ఆయన ఈ గదిలోకి రావడం అరుదు. ఆసుపత్రికి ఒక్కడే డాక్టరు, బయట వానలోనే యాభై మంది నిలబడి ఉన్నారు. మెడ గడ్డలను క్షయ అనుకుని ఎండాకాలమంతా మందు వాడించి, లాభం లేకపోతే హైదరాబాదుకు పంపింది ఆయనే. తొందరగా, కూర్చోకుండానే ఉత్తరంలో సంగతి చెప్పాడు.

పెద్దాసుపత్రిలో సరళాదేవి అనే డాక్టరమ్మ ఒక గడ్డను కోసి చూసింది. క్షయ కాదు. చిన్నప్పుడు దాదాపు అందరికీ జలుబులా వచ్చిపోయే ఒక వైరస్ ఉంది. అది పోయినట్టే ఉంటుంది గాని పోదు, తెల్లకణాల్లో నిద్రపోతుంది. లక్షల్లో ఒకరికి అది నిద్రలేచి, తాను దాక్కున్న కణాలను లెక్కకు మించి పెంచుతుంది. రంగు పట్టిస్తే ఆ కణాలు మామూలువాటికంటే పెద్దవిగా, లోపల ఎర్రటి గింజలతో కనిపిస్తాయి. అలాంటివాళ్లలో కొందరికి దోమ కాటు ఇట్లా పుండవుతుందని జపాను నుంచి వచ్చిన వ్యాసాల్లో ఉందట. అక్కడా ఎక్కువగా పిల్లల్లోనే చూశారు. పెద్దవాళ్లలో బహు తక్కువ. అంబదాసుది అదేనని ఆమె అనుమానం.

"ఇప్పుడు ఆమె అడిగేది ఒక్కటే" అన్నాడు జైపాల్‌రావు. "గీ కణాలు నెత్తుర్ల ఎప్పటి సంది ఉన్నయి? మొన్నమొన్న మొదలైతే రోగం ఉరుకుతున్నట్టు లెక్క. ఎంటనే గట్టి మందు ఎక్కియ్యాలె. ఆ మందుకు మనిషి తట్టుకోకపోనూ వచ్చు. ఏండ్ల సంది ఉంటే రోగం నిమ్మళంగ నడుస్తున్నట్టు. అప్పుడు ఆ మందు జోలికి పోకుండ చూస్తరట. పాత స్లైడ్లు ఏమన్న ఉంటే పంపుమన్నది." సిద్దిరాములు వైపు తిరిగాడు. "అన్ని నెగెటివే గద. కడిగేసి ఉంటం."

"అవు సార్" అన్నాడు సిద్దిరాములు.

"లేవని రాసిస్త. సాయంత్రం వచ్చి తీస్కపో, అంబదాస్." వచ్చినంత తొందరగా డాక్టరు వెళ్లిపోయాడు.

వరండాలో తొట్టిలో గాజు గాజుకు తగులుతున్న చప్పుడు ఆగిపోయింది. తర్వాత మళ్లీ మొదలైంది.

పన్నెండు గంటలకు అంబదాస్ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని రొట్టెల మూట విప్పాడు. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం. ఒక రొట్టె తుంచి సిద్దిరాములు ముందు కాగితం మీద పెట్టాడు.

"అనసూర్య నీకని ఎక్కువ ఏసింది. భైంసా జొన్నలు, తిను." అనసూర్య అతడి భార్య. "దాదా, మలేరియా అంటే నాకు తెలుసు. ఎటు నుంచి వస్తది, ఎట్ల పోతది. గిదేంది మరి? ఇంట్ల పండుకున్న చుట్టం లేసి ఇల్లే కూల్చినట్టు. నేను దోమను తిట్టుకుంట తిరిగితి. దోమ అగ్గిపుల్ల గీసిందంతే. గడ్డివాము నా లోపలనే ఉన్నది."

"డాక్టరమ్మ గట్లన్నదా?"

"ఆమె ఇంగ్లీషుల అన్నది. నేను సమజ్ చేసుకున్నది గిది." అతడు నమిలి మింగాడు. "గట్టి మందు సంగతి అనసూర్యకు చెప్పలే. పక్క మంచపోనికి అసొంటిదే ఎక్కిచ్చిండ్రు. తొమ్మిదోనాడు మంచం ఖాళీ."

సిద్దిరాములు రొట్టె తుంచి కారంలో అద్దాడు. తలుపు వెనక అరలో, పైవరసలో, చిన్న చెక్కపెట్టె ఉంది. చూడకపోయినా అది అక్కడ ఉన్నట్టు వీపుకు తెలుస్తోంది.

కరీంనగర్‌లో శిక్షణ అయిపోయినప్పుడు కొనుక్కున్న పెట్టె అది. ఇరవై అయిదు గాడులు, గాడికొక స్లైడు. సర్కారు స్లైడు ఒకటి తీసుకుంటే, కరీంనగర్ పోయినప్పుడు కొత్తది కొని తెచ్చి ఆ చోట పెట్టేవాడు. పందొమ్మిదేళ్లలో పద్నాలుగు గాడులు నిండాయి. ఒకదాంట్లో అరటిపండు ఆకారపు ఫాల్సిపారం పురుగులు వరసగా, గీసి పెట్టినట్టు ఉంటాయి. ఒకదాంట్లో రెండు రకాలూ కలిసి ఒకే ఫీల్డులో. ఒకదాంట్లో బోదకాలు పురుగు, దారపు ముక్కలా మెలితిరిగి. మనుషులు చీరలనో ఇత్తడి గిన్నెలనో దాచుకున్నట్టు అతడు వాటిని దాచుకున్నాడు. సెలవురోజు వచ్చి, తలుపు దగ్గరేసుకుని, ఒక్కొక్కటే చూసుకునేవాడు. ఇక్కడ మాత్రం అతడు పోగును కాదు, చీరను చూసేవాడు.

పద్నాలుగో గాడిలో అంబదాస్ స్లైడు ఉంది.

రెండేళ్ల కిందట, ఇట్లాంటి ముసురులోనే. అరవై ఒకటో ఫీల్డులో ఒక తెల్లకణం కనిపించింది. మామూలుదానికి రెట్టింపు. లేత నీలి మైదానం నిండా ఎర్రటి గింజలు, ఎవరో గులాలు చల్లినట్టు. పక్క ఫీల్డులో ఇంకొకటి. ఆ పక్కన రెండు. పందొమ్మిదేళ్లలో ఆ ఒక్కరోజే ఫీల్డుల లెక్క తప్పాడు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. పురుగు లేదు. మూడో ఖానాలో గీత గీశాడు. స్లైడును ఎడమవైపు పెట్టబోయి, నూనె తుడిచి, పెట్టెలో పెట్టుకున్నాడు. అంత అందమైన కణాలను సబ్బునీళ్ల పాలు చేయబుద్ధి కాలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఒక స్లైడులో ఏదో వింత ఉందని అప్పటి డాక్టరును పిలిచి చూపించాడు. అది రంగు సీసా అడుగున పేరుకున్న మడ్డి. ఆ డాక్టరు నెలరోజులు, వచ్చినవాళ్లందరి ముందూ, "మా రాములు కొత్త రోగం కనిపెట్టిండు" అని చెప్పి నవ్వించాడు. అప్పుడే అతడు నిశ్చయించుకున్నాడు, మూడు ఖానాలు దాటి తన కలం పోదని. దాని వెనకే నిలబడి పదకొండేళ్ల తేడాలేని పేరు సంపాదించాడు. అంబదాసుకు ఎప్పుడో మామూలుగా చెప్దామనుకున్నాడు. జ్వరం తగ్గింది కదా అనుకున్నాడు. తర్వాత ఆలస్యమైంది. ఆలస్యమైన మాట రోజురోజుకూ బరువెక్కింది.

అంబదాస్ చెయ్యి కడుక్కోవడానికి నూతి దగ్గరికి పోయాడు. యాదవ్వ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ గడపలో నిలబడింది.

"సారూ, అద్దం ఉన్నది గద."

సిద్దిరాములు తలెత్తాడు.

"నేను కడిగేదాన్ని. రోజు లెక్కవెట్టేదాన్ని. రెండేండ్ల కింద ఒకటి తక్కువైంది. నెలకు మెరిసే కొత్తది ఒకటి ఎక్కువైంది. నువ్వు నీ డబ్బల పెట్టుకున్నవు. పెట్టుకుంటే పెట్టుకున్నవులే అని ఊకున్న."

"అది ఆయనదే అని నీకెట్ల తెలుసు? నీకు చదువు రాదు."

"రాత రాకపోతే చెయ్యి తెల్వదా? అందరు పెన్సిలుతోని గీకుతరు. ఆయన ముగ్గు పెట్టినట్టు పెడ్తడు. నువ్వు తుడుస్తుంటె చూసిన." ఆమె గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "నీ పేరు ఖరాబైతదని నీ ఫికర్. ఆ పోరి రొట్టెలు చేసి పంపింది, తింటివి. నాదేం పాయె, నా అద్దాలు నేను కడుక్కుంట." వెళ్లి తొట్టి ముందు కూర్చుంది.

సిద్దిరాములు కాసేపు కిటికీలోంచి చూశాడు. వాన పలచబడి, చింతచెట్టు మీద తెల్లటి వెలుగు పడుతోంది. మంచి వెలుగు. ఇట్లాంటి వెలుగు గంట ఉంటే ఎక్కువ. అతడు లేచి, స్టూలు జరిపి, అర మీంచి పెట్టె దించాడు.

అంబదాస్ లోపలికి వచ్చేసరికి మైక్రోస్కోపు కింద స్లైడు సిద్ధంగా ఉంది.

"చూడు" అన్నాడు సిద్దిరాములు.

అంబదాస్ వంగాడు. పన్నెండేళ్లుగా వేల పూతలు తీసినా అతడు గొట్టంలోకి చూసింది రెండుమూడుసార్లే. కాసేపు కన్ను సర్దుకోలేదు. తర్వాత కదలకుండా ఉండిపోయాడు.

"ఎర్రగింజలున్నయి, గవేనా?"

"గవే."

"మంచిగున్నయి." తల ఎత్తకుండానే అడిగాడు. "ఎప్పటిది?"

"రెండేండ్ల కిందటిది. నీ చేతి పూతే. గప్పుడే చూసిన."

అంబదాస్ లేచి నిలబడ్డాడు. తువ్వాలు జారితే సర్దుకోలేదు. బయట తొట్టిలో చప్పుడు లేదు.

"చూసినవు. మరి?"

"దానికి ఖానా లేకుండె."

రంగుమడ్డి కథ చెప్పవచ్చు. చెప్పబుద్ధి కాలేదు. అంబదాస్ బల్ల మీద ఫారం తీసి మూడు ఖానాలను వేలితో తడిమాడు.

"నా కాయితంల గూడ ఒక్కటే ఖానా, దాదా. జ్వరం ఉన్నదా లేదా. మొన్న శ్రావణంల ఒక ఇంటికి పోయిన. జ్వరం లేదన్నరు. పొయ్యిల పిల్లి పన్నది. రెండురోజుల సంది వండలేదు, కండ్లకు కనవడ్తనే ఉన్నది. గోడ మీద తారీఖు రాసి వచ్చిన." ఫారం మళ్లీ దాని చోట పెట్టాడు. "గంతమాత్రానికి నువ్వు చేసింది మంచిగ లేదు. నాకు చెప్పాలె. కాయితంల రాయకపోయినా నాకు చెప్పాలె. నేను నీకు పరాయోన్నా?"

"కాదు."

"మరింక ఏడ్వకు. లే, సాబ్ దగ్గరికి పోదాం."

సిద్దిరాములు ఏడవడం లేదు. కుడికన్ను ఎప్పుడూ కారుతుంది. అయినా చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

జైపాల్‌రావుకు ముందు నమ్మకం కలగలేదు. తర్వాత కోపం వచ్చింది. తర్వాత రోగులను ఆపి, గదికి వచ్చి, పావుగంటసేపు గొట్టంలోకి చూశాడు. లేచి కళ్లు నులుముకున్నాడు.

"మడ్డి గాదు గద?" అన్నాడు. ఆయనకు ఆ పాత కథ తెలియదు, మామూలుగానే అడిగాడు.

"గాదు సార్" అన్నాడు సిద్దిరాములు. గొంతులో ఇసుమంత సందేహం లేదు. "మడ్డి కణం బయట గూడ ఉంటది. గివి లోపటనే ఉన్నయి. తొమ్మిది తెల్లకణాలకు రెండు గిసొంటివే."

"రాసియ్యి మరి. నీ పేరుతోని రాయి. నాకు చూసి సంతకం పెట్టుడే వస్తది, లెక్క నీది."

సిద్దిరాములు ఖానాలు లేని తెల్లకాగితం తీసుకున్నాడు. దాని ముందు కూర్చోవడమే కష్టమైంది. చెయ్యి గీతల కోసం వెతుక్కుంది. స్లైడు నంబరు రాశాడు. తేదీ రాశాడు. వంద ఫీల్డుల్లో ఎన్ని కణాలు, ఏ పరిమాణం, గింజలు ఎన్నెన్ని, ఏ రంగు, మగ్గం మీది బట్టను వర్ణించినంత వివరంగా రాశాడు. చివర్న ఇలా రాశాడు: "మలేరియా పరాన్నజీవి లేదు. ఈ స్లైడును నెగెటివ్‌గా నమోదు చేసింది నేనే. ఈ కణాలను నేను అప్పుడే చూశాను. ఎవరికీ తెలియజేయలేదు." సంతకం చేసి, ఎప్పటిలాగే రెండుసార్లు చదివి, అంచులు సమంగా మడిచాడు.

యాదవ్వ స్లైడును దూదిలో పెట్టి, పాత కాగితం చుట్టి, దారంతో కట్టింది. ఎన్నడూ లేనిది, ఒక్క స్లైడుకు ఒక పొట్లం. అంబదాస్ దాన్ని ఎడమ జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు.

"పదిలంగ వోవాలె బిడ్డా. పట్నం దోమలు మంచియి గావు" అంది యాదవ్వ.

"ఎక్కడియి మంచియి ఉన్నయి అవ్వా" అన్నాడు అంబదాస్. గొడుగు తెరిచి, మెట్లు దిగి, బురదలో గట్టిచోట్లు చూసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ రోజు చూడాల్సినవి ఇంకా పదిహేడు స్లైడ్లు మిగిలి ఉన్నాయి. వెలుగు పోకముందే చూడాలి. సిద్దిరాములు కూర్చుని నలభై నాలుగోదాని మీద నూనెచుక్క వేశాడు. పదిహేడింటినీ చూశాడు, ఒక్కోదానికీ వంద ఫీల్డులు. రెండింట్లో పురుగు దొరికింది. అన్నీ అయిపోయాక స్కేలు తీసుకుని, ఫారంలో మూడో ఖానా పక్కన ఇంకో నిలువు గీత గీశాడు. పైన ‘ఇతరములు’ అని రాశాడు. దాని కింద ఆ రోజు ఏమీ రాయలేదు. రాయడానికి ఏమీ లేదు. ఖానా ఉంది, అంతే.

అచ్చులో లేని గీత ఎందుకని హైదరాబాదు తనిఖీవాళ్లు ఒకసారి రాసి అడిగారు. అతడు గీయడం మానలేదు. ఏడాదిలో ఆ ఖానా నాలుగుసార్లు నిండింది. అందులో ఒకటి నిజంగానే మడ్డి. జైపాల్‌రావు నవ్వాడు. సిద్దిరాములు కూడా నవ్వి, ఆ మాటను ఎర్రసిరాతో కొట్టేశాడు.

సరళాదేవి గట్టి మందు ఇవ్వలేదు. రోగం ఏళ్లుగా నిమ్మళంగా నడుస్తోందని ఆ స్లైడు చూసి తేల్చుకుంది. జ్వరానికీ పుండ్లకూ మాత్రమే మందులిచ్చి, నెలకొకసారి రమ్మంది. అంబదాసుకు జామ్‌డవాడలోనే మందుల గదిలో పని ఇచ్చారు. చలికాలం దోమలు తగ్గినప్పుడు మాత్రం ఎవరూ చెప్పకుండానే గూడేలకు పోయి వచ్చేవాడు. పిల్లలను దాచిన గూడెంలోనూ వేళ్లు చాపారు. అది పెద్దరోగం కాదని జైపాల్‌రావే వెళ్లి వాళ్ల ముందు అతడి చెయ్యి పట్టుకుని కూర్చుని చెప్పివచ్చాడు. పదహారు నెలలు అలా గడిచాయి. అవి బాగానే గడిచాయని అంబదాసే అనేవాడు. రోజూ పన్నెండింటికి స్టూలు మీద కూర్చుని రొట్టె తుంచి పెట్టేవాడు.

1996 సంక్రాంతి దాటాక జ్వరం వచ్చింది, ఈసారి దోమ కుట్టకుండానే. భైంసాలో అత్తగారింట్లో నాలుగురోజులు పడుకున్నాడు. అయిదోరోజు పొద్దున లేచి, గోడకు ఆనుకుని కూర్చుని చాయ్ తాగాడు. అనసూర్య గ్లాసు తీసుకుని కడిగి వచ్చేసరికి, అలా ఆనుకునే పోయాడు.

మాఘంలో అనసూర్య కాగితాల మీద సంతకాలకని ఆసుపత్రికి వచ్చింది. పని అయ్యాక ప్రయోగశాల గడపలో నిలబడి కొంగుముడి విప్పి, దారంతో కట్టిన పొట్లం ఒకటి తీసింది.

"డాక్టరమ్మ ఎన్నడో తిరిగిచ్చిందట. సందుగపెట్టెల పెట్టుకున్నడు. గిది రాములు దాదాదని చెప్పిండు."

సిద్దిరాములు రెండు చేతులతో తీసుకున్నాడు. ఆమె వెళ్లిపోయాక విప్పాడు. యాదవ్వ తొట్టి దగ్గరినుంచి లేచి వచ్చింది.

"కడగాల్నా సారూ?"

"వద్దు."

పెట్టె దించి, పద్నాలుగో గాడిలో పెట్టబోయి, కిటికీ వెలుగుకు ఒకసారి ఎత్తి పట్టుకున్నాడు. చిక్కటి చుక్క ఒకవైపు. నాలుకలా పల్చటి పూత ఒకవైపు, అంచు దువ్వినట్టు సన్నబడుతూ. ఆరిన ఆ నెత్తురు మీద, అంబదాస్ తన కుడిచేత్తో గీసుకున్న తన నంబరు, ఒక్క అంకె కూడా చెదరకుండా.